కోయని ఆకు

నఖ్లావోత్ పేటలో, మా మెట్ల మీద, శుక్రవారం పొద్దున పొద్దుతిరుగుడు గింజలు కొరకడం ఏ సంవత్సరంలో మొదలైందన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. బత్యా లెక్క ప్రకారం అది ఆమె రెండో అమ్మాయి పుట్టిన ఏడు. నెహమా లెక్క ప్రకారం, మునిసిపాలిటీ వాళ్ళు గొట్టాలు మారుస్తామని సందంతా తవ్వి మూడు నెలలు పూడ్చకుండా పోవడంతో, బయటికి దారిలేక అందరం మెట్ల మీదే చతికిలబడిన ఏడు. శాసనాధారాలు లేవు. ఉన్న ఒకే ఒక్క భౌతిక సాక్ష్యం మూడో మెట్టు పగుల్లో పొరలు పొరలుగా ఇరుక్కున్న తొక్కలు. జెరూసలేంలో ఎవరు గుంజ పాతుకోవడానికి గొయ్యి తీసినా బుట్టలూ కుంచెలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చే పురావస్తు శాస్త్రజ్ఞులు మా మూడో మెట్టు వైపు ఇంతవరకూ కన్నెత్తి చూడలేదు.

ఏడు ఏదైనా నియమావళి మాత్రం స్థిరం. శనివారపు సబ్బాతు వంట పొయ్యి మీద పడేశాక, పది గంటలకు సభ. మెట్ల చలి ఎముకలకెక్కుతుంది కాబట్టి దిండ్లు నావి. పుదీనా టీ నెహమాది. తొక్కలు వేసుకునే ఇత్తడి గిన్నె బత్యాది. గింజలు ఉండేవి. రెండో అంతస్తు నుంచి ఫ్రూమా దిగి వచ్చేది, కొరికేవాళ్ళం, సూర్యుడు ఎదురింటి నీళ్ళ పీపా మీదికి వచ్చేసరికి లేచేవాళ్ళం. ఇరవై ఏళ్ళలో రెండు యుద్ధాలూ ఒక పెద్ద మంచూ తప్ప ఈ సభ ఆగలేదు.

ఈ కథ ఫ్రూమాది.

ఫ్రూమా గెల్‌బార్ట్ ఒంటరి మనిషి. ఇరవై రెండేళ్ళు పిల్లల బడిలో ఆయాగా పనిచేసింది. బడిలో ఆమె అసలు పని పిల్లల ముక్కులు తుడవడమైనా, పేరు తెచ్చిన పని కాగితాలు కొయ్యడం. కొత్త సంవత్సరానికి దానిమ్మలు, హనుక్కా పండక్కి దీపాలు, జలప్రళయం పాఠానికి పావురాలు. నోవహు ఒక్క పావురాన్ని పంపి చరిత్రకెక్కాడు. ఫ్రూమా తక్కువలో తక్కువ పదివేలు పంపి ఉంటుంది. అంతలో అచ్చుల్లో కోసిన పావురాలు ప్యాకెట్లలో రావడం మొదలైంది. ఫ్రూమాకి పూలగుత్తి ఇచ్చి, రేపటినుంచి రానక్కర్లేదన్నారు.

అదే ఏడు బత్యా పెద్దమ్మాయి పెళ్ళికి ఫ్రూమా ఒక కాగితం కోసి ఇచ్చింది. ఒక ద్వారం, చెరోపక్కన సింహం, పైన దానిమ్మ కొమ్మలు. ఆపరేషన్లు చేసే సన్నకత్తితో కోసింది. గాలికి ఊగితే సింహాలు ఊపిరి పీలుస్తున్నట్టే ఉండేది. ఆ తర్వాతి శుక్రవారం మెట్ల మీద బత్యా గిన్నె ఒళ్ళో పెట్టుకుని ప్రకటన చేసింది.

"ఏమే ఫ్రూమా, మా హైఫా వియ్యపురాలు నీ కాగితం ఖరీదెంతని అడిగిందే."

"కాగితానికి ఖరీదేంటే, పిచ్చిదానా."

"తోరా గ్రంథం మాత్రం? అదీ తోలే కదా. పోయి ఖరీదడుగు, తెలుస్తుంది."

"దానిమీద దేవుడి మాటలుంటాయి."

"దీనిమీద నీ కళ్ళున్నాయి. చూడు, ఎలా ఎర్రబడ్డాయో."

ఆ విధంగా మూడో మెట్టు మీద ఒక వ్యాపార సంస్థ ఆవిర్భవించింది. బత్యా తన ఇంటికి సందువైపున్న కొట్టుగది ఇచ్చింది. అందులో పై అరల నిండా ఆమె పస్కా పండగ గిన్నెలున్నాయి. వాటి దరిదాపులకు పులిసిన రొట్టెముక్క రాకూడదు కాబట్టి సంస్థ మొదటి నిబంధన, కొనుగోలుదారులు బిస్కెట్లు బయటే తిని, ఒళ్ళు దులుపుకుని లోపలికి రావాలని. నెహమా దస్తూరి అందమైనది, ఇంగ్లీషు కూడా వచ్చు, అందుచేత చీటీలూ ఫోనూ ఆమెకు అప్పగించాం. నేను మా పాత తలుపు ఒకటి ఇచ్చాను, కింద రెండు సొరుగు పెట్టెలు పెడితే బల్ల అయింది. అమ్మడం బత్యా వంతు. ఎందుకంటే ఫ్రూమాని అమ్మమంటే, ఎవరైనా "బాగుంది" అంటే చాలు, చుట్టి చేతిలో పెట్టేస్తుంది.

కొట్టుకి 'తూర్పు గోడ' అని పేరు పెట్టాం. ప్రార్థనకు ఎటు తిరగాలో తెలియడానికి ఇంట్లో తూర్పు గోడకి తగిలించుకునే కాగితాలు మా ముఖ్యమైన సరుకు. ఒకసారి ఇండియా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన చాలాసేపు చూసి, "మాకు జెరూసలేం పడమటివైపు కదమ్మా" అన్నాడు. బత్యా తడుముకోలేదు. "అయితే పడమటి గోడకి తగిలించండి. కాగితానికేం తెలుసు?" అంది. ఆయన రెండు కొన్నాడు.

ఇక ఆకు సంగతి చెప్పాలి.

ఇల్లు కట్టుకున్నవాడు గుమ్మానికి ఎదురుగా మూరెడు గోడ సున్నం కొట్టకుండా వదిలెయ్యాలని పెద్దల మాట. జెరూసలేంలో మన ఆలయం కూలిపోయి ఉండగా మన ఇల్లు నిండుగా ఉండకూడదని. ఈ రోజుల్లో చాలామంది ఆ చోట ఒక పటం తగిలించి చేతులు దులుపుకుంటారు. ఫ్రూమా తండ్రి పోస్ట్‌మాన్. ఆయనకి సొంత ఇల్లు లేదు. అద్దె ఇంట్లోనే, గరిటెతో గోకి మరీ మూరెడు గోడ ఖాళీ చేశాడు. ఆలయం తానేమీ కూల్చలేదని ఇంటాయన గొడవకొచ్చినా వినలేదు. ఆ బోసిగోడ చూస్తూ పెరిగిన ఫ్రూమా తను కోసే ప్రతి కాగితంలో ఒక ఆకుని కొయ్యకుండా వదిలేసేది.

ఇది వినడానికి తేలిక. కాగితాన్ని నిలువునా మడిచి కోస్తే రెండు పక్కలూ ఒకేలా వస్తాయి. దానిమ్మ కొమ్మలన్నిటికీ కలిపి ఆకులు నలభై రెండు, అంటే మడతలో ఇరవై ఒకటి. ఫ్రూమా మడతలో ఇరవయ్యే కోసేది. కాగితం విప్పి, మిగిలిన జతలో ఒకవైపు ఆకుని విడిగా కోసి, రెండోది అలాగే ఉంచేది. కోసిన ఆకుల్లో వెలుతురు కనిపిస్తుంది, ఆ ఒక్కదాంట్లో కనిపించదు. ఏ కాగితంలో ఏ ఆకో ఆమెకే తెలుసు. ఏ రెండిట్లోనూ ఒకటి కాదు. నెలకి మూడు కాగితాలకు మించి కోసేది కాదు.

రెండేళ్ళు ఇలా గడిచాయి. మూడో ఏడు వేసవి చివర్లో ఫ్రూమాకి పన్ను నొప్పి వచ్చింది.

చరిత్రలో గొప్ప ద్రోహాలు సింహాసనాల దగ్గరా విందుల్లోనూ బయటపడుతుంటాయి. ఇది పళ్ళ డాక్టరు కుర్చీలో బయటపడింది. కుర్చీ వెనక్కి వాల్చి, నోట్లో దూది కుక్కి, డాక్టరు చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఫ్రూమా కళ్ళెదుట గోడకి ఆమె ద్వారం, ఆమె సింహాలు. మొదట సంతోషించిందట. తర్వాత, తల్లి బిడ్డ చెవి వెనక పుట్టుమచ్చ వెతికినట్టు, తన ఆకుని వెతికింది. లేదు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. నలభై రెండింటికి నలభై రెండూ కోసేసి ఉన్నాయి. అంచులన్నీ సన్నగా గోధుమరంగు తేలి ఉన్నాయి, అట్టు మాడినట్టు.

"బాగుందా?" అన్నాడు డాక్టరు తిరిగొచ్చి. "అంతా చేతిపనేనండీ. నఖ్లావోత్‌లో 'తూర్పు గోడ' అని ఒక కొట్టుంది. మా బావమరిది కూడా ఒకటి కొన్నాడు, అచ్చం ఇలాంటిదే."

నోటినిండా దూదితో ఫ్రూమా ఇచ్చిన జవాబుని డాక్టరు నొప్పిగా అర్థం చేసుకుని, ఇంకో ఇంజక్షన్ ఇచ్చాడు.

ఆ ఇంజక్షన్ దిగకముందే కొట్టుకి వచ్చింది. సగం మూతి మొద్దుబారి ఒక పక్కకి వేలాడుతోంది. నేనూ నెహమా అక్కడే ఉన్నాం. బత్యా పస్కా గిన్నెల కింద కూర్చుని కాగితాలు చుడుతోంది.

"ఎన్ని?" అంది ఫ్రూమా.

"ఏం ఎన్ని? ఏంటే ఆ మూతి, పక్షవాతం వచ్చిన ఒంటెలా!"

"అంచులు మాడ్చిన ఆ మిషనువాడు ఎన్ని కోశాడు?"

బత్యా చుట్టడం ఆపింది. "కొయ్యడే. కాలుస్తాడు. లేజరు వెలుతురుతో. నువ్వు చూస్తే ముచ్చటపడతావు, గీత అణువంతైనా..."

"ఎన్ని?"

"నాలుగొందలు." చుట్టిన కాగితం పక్కన పెట్టి, "మొదటి విడత," అంది. "నువ్వు నెలకి మూడు కోస్తావు ఫ్రూమా. మొన్న ఒక్క బస్సులో ముప్ఫై ఏడుమంది దిగారు. వాళ్ళకి ఏం చూపించమంటావు, నా పస్కా పళ్ళాలా?"

ఫ్రూమా నెహమా వైపు తిరిగింది. నెహమా ముందు ఆమె ముత్యాల దస్తూరిలో చీటీల దొంతర ఉంది. 'చేతితో కోసినది. జెరూసలేం.'

"మిషను మీట నొక్కేది కూడా చెయ్యే కదా," అంది నెహమా, బల్లతో చెబుతున్నట్టు.

నా వైపు కూడా చూసింది. వసంతం నుంచీ పెట్టెలు దిగుతుంటే నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఏంటవి అని అడగలేదు. అడిగితే తెలుస్తుంది కదా.

"ఆకేదీ?" అంది ఫ్రూమా మళ్ళీ బత్యాతో.

"ఏ ఆకు?"

ఫ్రూమా ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడింది. తర్వాత తన కత్తీ, కోతపలకా సంచీలో వేసుకుని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం సభ జరగలేదు. తర్వాతి రెండు శుక్రవారాలూ జరగలేదు. యుద్ధమూ లేదు, మంచూ లేదు.

అంతలో మా కొత్త సంవత్సరం వచ్చింది. దాని వెనకే పశ్చాత్తాపపు పది రోజులు. మావాళ్ళ ధర్మశాస్త్రం ఈ విషయంలో నిక్కచ్చిగా ఉంటుంది. దేవుడికి చేసిన తప్పుల్ని పదో రోజు యోమ్ కిప్పూర్ ఉపవాసం కడిగేస్తుంది, తోటిమనిషికి చేసిన తప్పుల్ని ఆ మనిషి క్షమిస్తే తప్ప కడగదు. ముగ్గురు మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి అడగాలి. కాదంటే రెండోసారి అడగాలి. కాదంటే మూడోసారి. మూడోసారీ కాదంటే అడిగినవాడు ఒడ్డున పడ్డట్టే, మిగతా బరువు క్షమించనివాడిది.

బత్యా ముగ్గుర్ని కూర్చింది. నెహమా, నేను, ఆమె మొగుడు ఎల్యాకీం. అంటే ఇద్దరు నేరంలో భాగస్వాములు, మూడోవాడు ముద్దాయి భర్త. ఇంతకంటే తటస్థులు మా సందులో దొరకరు. ఎల్యాకీం నడుం నొప్పి మనిషి, కుర్చీ మోసుకుంటూ వచ్చాడు.

మొదటిసారి ఆదివారం, అందరం ఉపవాసంలో ఉన్న రోజు. ఫ్రూమా తలుపు తీసి నలుగురినీ, కుర్చీనీ చూసింది.

"ఈ ఏడాదిలో తెలిసీ తెలియకా నిన్నేమైనా నొప్పించి ఉంటే," మొదలుపెట్టింది బత్యా, "మనస్ఫూర్తిగా..."

"ఈ మాట నాకు పొద్దున్నే ఫోన్లో వచ్చింది. పళ్ళ డాక్టరు పంపాడు. తనకున్న రోగులందరికీ పంపాడు."

తలుపు మూసుకుంది.

రెండోసారి మంగళవారం. "మిషను సంగతి నీకు చెప్పకుండా చేసినందుకు," అంది బత్యా.

"అంతేనా?"

"చీటీలకి కూడా."

"చీటీలు నావి," అంది నెహమా. "వాటికి నేను అడుక్కుంటాను, నా వాటా నువ్వు వాడుకోకు."

"ఇంకా?" అంది ఫ్రూమా. బత్యా తలగుడ్డ సర్దుకుంది. ఫ్రూమా, "ఎల్యాకీం, ఇంటికెళ్ళి పడుకో నాయనా, మెట్ల మీద గాలి నీ నడుముకి మంచిది కాదు," అని తలుపు వేసింది.

కిందికి దిగుతూ బత్యా నా చెవిలో అంది. "ఇంకొక్కసారి. తర్వాత నా బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత పాపమంతా తనదే." ఆ గొంతులో విజయం ఉంటుందనుకున్నాను. లేదు. ఫ్రూమా మీద పాపం పడుతుందన్న భయమే ఉంది.

మూడోసారి శుక్రవారం, యోమ్ కిప్పూర్ ముందు రోజు. ఆ రోజు ఉపవాసం చెయ్యడం కాదు, తినడమే పుణ్యం. అందుకని ఎల్యాకీం తేనె రొట్టె నములుతూనే సాక్షి హోదాలో నిలబడ్డాడు. బత్యా చేతుల్లో ఒక సొరుగు ఉంది. కొట్టు బల్ల సొరుగే, బయటికి లాగి తెచ్చేసింది.

"ఆకు గురించి," అంది.

ఫ్రూమా తలుపు పూర్తిగా తెరిచింది.

"ఏ ఆకు అన్నాను. నాకు తెలుసే. మిషనువాడు ఉన్నదున్నట్టు తీస్తానన్నాడు. నేనే బాగు చెయ్యమన్నాను. సగం తీసుకుని రెండోపక్కకి అదే తిప్పి వెయ్యమన్నాను." సొరుగు ముందుకు చాపింది. "ఇవి చూడు. పదకొండు. రెండేళ్ళలో తిరిగొచ్చినవి."

ఫ్రూమా పైది తీసింది. ఆమె కోసిందే. మూలకి ఒక చీటీ గుచ్చి ఉంది, ఎవరో మర్యాదస్తుల రాత. 'ఒక ఆకు కొయ్యడం మరిచిపోయారు. దయచేసి మార్చి ఇవ్వగలరు.'

"అందరూ ఇదే రాశారా?"

"ఒకాయన సొంతంగా కోసుకోబోయి సింహం కాలు తెగ్గొట్టుకున్నాడు."

ఫ్రూమా సొరుగులో మిగతావి కూడా తిరగేసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మీ నాన్న గోడ ఎవరికీ అక్కర్లేదట అని చెప్పనా? ప్రతి నెలా వచ్చి, మూడూ పోయాయా అని అడిగేదానివి. పోయాయి అనేదాన్ని. నీ ముఖం వెలిగిపోయేది. తర్వాత ఎలాగూ అబద్ధం మొదలైంది కదా అని..."

"నాన్న పోయినప్పుడు," అంది ఫ్రూమా నెమ్మదిగా, "సంతాపం ఏడు రోజులూ నా పక్కన కింద పీట మీద కూర్చున్నది నువ్వే. ఎదురుగా ఆ గోడ. ఇదేంటే, పెచ్చు ఊడింది అన్నావు. అంతా చెప్పాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"వీళ్ళు తిరిగిచ్చారంటే తెలియక ఇచ్చారు. నువ్వు తెలిసి పూడ్చావు."

బత్యా తల దించుకుంది. "క్షమించవే," అంది, ఈసారి ఏ ముందుమాటా లేకుండా.

క్షమించేవాళ్ళు మూడుసార్లు చెప్పడం ఆచారం. క్షమించాను, క్షమించాను, క్షమించాను అని, మేకుని మూడు దెబ్బలు కొట్టి దించినట్టు. ఫ్రూమా సొరుగు అందుకుని చంకన పెట్టుకుంది.

"క్షమించాను," అంది.

"క్షమించాను," అంది.

మేం మూడోదాని కోసం నిలబడ్డాం. ఎల్యాకీం నమలడం ఆపాడు. ఫ్రూమా మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి, నెమ్మదిగా, చప్పుడు లేకుండా తలుపు వేసేసింది.

మెట్ల మీద నలుగురం ఒక ధర్మసంకటంలో పడ్డాం. రెండు చెల్లుతాయా? మూడోది బాకీయా? సాయంత్రం సూర్యాస్తమయానికి స్వర్గంలో లెక్కలు మూసేస్తారు. బత్యా చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మా ధర్మగురువు రబ్బీ ఇంటికి పరిగెత్తింది. వెనకే నేను. ఆయన పండగ స్నానానికి బయల్దేరుతూ, భుజాన తువ్వాలుతో సందులోనే ఎదురయ్యారు. బత్యా అంతా చెప్పింది. పన్ను నుంచి, సింహం కాలితో సహా. రబ్బీ గడ్డం పట్టుకుని విన్నారు.

"తమరు చెప్పాలి, రెండుసార్లంటే సరిపోతుందా?"

"మూడు ఆచారమమ్మా. శాస్త్రప్రకారం ఒక్కసారి చాలు."

"అయితే," అంది బత్యా గుక్క తిప్పుకుని, "అది ఒకటి ఎక్కువే ఇచ్చింది."

"ఎక్కువే," అని రబ్బీ తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయారు. శాస్త్రం ఇంత ఉదారంగా తీర్పు చెప్పాక బత్యా సంతోషించాలి. చెప్పులు ఈడ్చుకుంటూ ఇంటి దారి పట్టింది. ఆ మూడో మాట ఎక్కడ ఉండిపోయిందో ఆమెకి తెలుసు. వెలుతురు కనిపించని చోట.

యోమ్ కిప్పూర్ గడిచింది. కొట్టు నడుస్తూనే ఉంది, మిషను కాగితాలే అమ్ముతోంది, నెహమా మాత్రం చీటీలు రాయడం మానేసింది. తర్వాతి శుక్రవారం పది గంటలకి, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, నేను దిండ్లు వేశాను, నెహమా టీ తెచ్చింది, బత్యా ఇత్తడి గిన్నె తోమి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. పైన తలుపు చప్పుడైంది. ఫ్రూమా ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి మూడో మెట్టు మీద, తన చోటే, కూర్చుంది. టీ గ్లాసు అందుకుంది. ఖాళీ గిన్నె చుట్టూ నలుగురం కూర్చున్నాం.

ఇరవై ఏళ్ళుగా గింజలు కొనుక్కొచ్చేది ఫ్రూమాయే. ఆ రోజు తేలేదు.